లక్ష గుప్పెళ్ళు

రెండు వేల మూడు గోదావరి పుష్కరాలకి రాజమండ్రి వచ్చిన జనం సంగతి చూడనివాళ్ళకి చెబితే నమ్మరు, చూసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. భాస్కరంగారి ఇంటి నుంచి తమలపాకుల రేవుకి మామూలు రోజుల్లో అయిదు నిమిషాల నడక. మొదటిరోజు తెల్లవారుజామున గంటంబావు పట్టింది. అదైనా ఆయన నడిచింది లేదు, జనమే మోసుకొచ్చి రేవులో దింపారు. దారిలో ఒక చెప్పు పోయింది. ఉత్తరీయం ఎవరి సంచికో చిక్కుకుని ఏ ఊరు వెళ్ళిపోయిందో ఆ దేవుడికే తెలియాలి. "ఒరేయ్, నా కండువా!" అని అరిస్తే ఆ హోరులో ఆయన గొంతు ఆయనకే వినపడలేదు.

భాస్కరంగారి గొంతు వినపడకపోవడమంటే అది చిన్న విషయం కాదు. ఆయన తమలపాకుల రేవు పురోహితుడు. అరవైకి రెండు తక్కువ. మనిషి బక్కపల్చన, గొంతు మాత్రం కంచు, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆయన ఇక్కడ సంకల్పం చెబితే అవతల కొవ్వూరులో మునిగినవాడికి కూడా పుణ్యం వచ్చేస్తుందని రేవులో వేళాకోళం చేసేవారు. ఆ మాటకి ఆయన పైకి విసుక్కునేవారు గానీ లోపల సంతోషపడేవారు.

రేవు మెట్లకి పక్కనే పదహారు రాతి స్తంభాల మండపం ఒకటుంది. ఎవరు కట్టించారో రాసి లేదు. స్తంభాల మీద దేవుళ్ళ బొమ్మలుండవు, పడవలుంటాయి. పదహారు స్తంభాలకీ పదహారు పడవలు, ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఒకదానిలో తమలపాకుల కట్టలు, ఒకదానిలో ఏనుగు, ఒకదానిలో ఒంటరిగా కూర్చున్న ఆడమనిషి. ముప్ఫై నాలుగేళ్ళుగా భాస్కరంగారు రోజూ ఆ ఆడమనిషి పడవకి వీపు ఆనించి కూర్చుంటున్నారు. ఎనభై ఆరు వరదలో ఆయన రేవులో చిక్కుకుపోయి ఆ మండపం కప్పు మీదకి పాకి, ఒక రాత్రీ ఒక పగలూ అక్కడే గడిపారు. గోదావరి చెట్లనీ పాకలనీ గడ్డిమేట్లనీ తోసుకుపోతూ వచ్చి ఆ స్తంభాలకి కొట్టింది. మండపం కదల్లేదు. ఆ రోజు నుంచీ అది ఆయనకి రాయి కాదు. ప్రాణం పోసిన మనిషి ఎదురుగా నిలబడి ఉన్నట్టే లెక్క.

సరే, పుష్కర స్నానానికి ఒక నియమం ఉంది. నీళ్ళలో దిగేముందు ఒడ్డున గుప్పెడు మట్టి తీసుకుని నదిలో వదలాలి. స్నానం చేసిన పుణ్యాన్ని కాజేసే భూతం ఒకటుందని, మట్టి దానికి ఆహారంగా పెడితే మన పుణ్యం జోలికి రాదని పెద్దల మాట. తొంభై ఒకటిలో ఇది ఎవరికీ ఇబ్బంది కాలేదు, అప్పుడు ఒడ్డంతా మట్టే. ఈసారి పుష్కరాలని ఒడ్డంతా సిమెంటు పోసి, మీద నున్నటి రాళ్ళు పరిచారు. చూడ్డానికి పెళ్ళివారి వాకిలిలా ఉంది, మట్టి మాత్రం మచ్చుకి కూడా లేదు.

మొదటిరోజే తణుకు నుంచి వచ్చిన ఒకావిడ మెట్ల మీద కూర్చుని రాళ్ళ సందుల్లో గోళ్ళు పెట్టి గీకుతూ కేకేసింది. "పంతులుగారండీ, మట్టెక్కడుందండీ? గోళ్ళిరిగిపోతున్నాయి గానీ రేణువు రావట్లేదండి!"

భాస్కరంగారు చుట్టూ చూశారు. మండపానికి తూర్పువైపు, స్తంభాల మొదట్లో సిమెంటు అందని జాగా ఒక చాప వెడల్పున మిగిలింది. ఆ ఏడు ఆయనకి మైకు కూడా ఇచ్చారు. ఆ మైకులోనే చెప్పారు: "అదిగో, మండపం మొదట్లో బోలెడుంది కదమ్మా! తలో గుప్పెడు తీసుకోండి. మట్టికి కూడా కరువొచ్చిందా మనకి!"

అందరూ నవ్వారు. ఆవిడ గుప్పెడు మట్టి తీసుకుని మహా ఆనందంగా నీళ్ళలోకి దిగింది. ఆ మాట బాగా అతికిందనిపించి భాస్కరంగారు తర్వాతి జట్టుకీ చెప్పారు, ఆ తర్వాతి జట్టుకీ చెప్పారు. జట్టుకి అయిదు వందల మంది. రోజుకి ఎన్ని జట్లో లెక్క లేదు.

నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో ఆయనకి కింద చూసే తీరికే లేదు. ఎదుట కనపడేది చూడ్డానికే రెండు కళ్ళు చాల్లేదు. ఆదిలాబాదు నుంచి వచ్చినవాళ్ళు, గంజాం నుంచి వచ్చినవాళ్ళు, తెలుగు ముక్క రాని అరవవాళ్ళు, అన్నవరం కొండెక్కి సత్యనారాయణస్వామిని చూసి అటునుంచటే వచ్చిన కొత్త దంపతులు. నూరేళ్ళు దాటిన ముసలాయన్ని మనవడు వీపున కట్టుకుని మెట్లు దిగితే, ఆయన ఎర్రటి వరద గోదావరిని చూసి "అమ్మా, ఇన్నాళ్ళకా!" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రైలు వంతెన మీదికి రాగానే కిటికీల్లోంచి వేల చేతులు ఒక్కసారి నీళ్ళకేసి జోడించుకుంటే భాస్కరంగారికి మంత్రం మధ్యలో ఆగిపోయేది. ఎక్కడెక్కడి మనుషులురా ఇంతమంది, ఎవరు పిలిచారురా వీళ్ళందర్నీ అని ఆయనకి ఒళ్ళు జలదరించేది. పుష్కరాలు మూడోసారి చేయిస్తున్నా ఆ వింత ఆయనకి పాతబడలేదు.

ఎనిమిదోరోజు మధ్యాహ్నం సత్తియ్య వచ్చాడు. సత్తియ్యది నూతుల గోడలు కూలకుండా లోపల గుండ్రటి మట్టి ఒరలు దింపే పని. ఆ పన్నెండు రోజులూ రేవు మెట్ల మీద పేరుకున్న ఒండ్రు పారతో లాగడానికి కూలికి కుదిరాడు. పార పక్కన పెట్టి, చేతులు కట్టుకుని, "అయ్యగోరూ, ఓసారిటు రండి" అన్నాడు.

"జట్టు మధ్యలో ఉన్నాను, కనపడ్డం లేదూ? ఆగవోయ్!"

"నేనాగుతానండి. మండపం ఆగేలా లేదండి."

భాస్కరంగారు మైకు కింద పెట్టి తూర్పువైపుకి వెళ్ళారు. చాప వెడల్పు మట్టి ఉండాల్సిన చోట నడుము లోతు గొయ్యి ఉంది. నాలుగు స్తంభాల కింది పీటరాళ్ళు గాలిలో ఉన్నాయి. సత్తియ్య ఒక పీటరాయి కిందకి మోచేతిదాకా చెయ్యి పోనిచ్చి తీసి చూపించాడు. ఎవరూ గునపం వెయ్యలేదు, పార వెయ్యలేదు. అంతా ఉత్త చేతులే.

"ఇటు చూడండయ్యగోరూ" అన్నాడు సత్తియ్య, గొంతు తగ్గించి. రాయి కింద ఎర్రగా, గుండ్రంగా, పెద్ద పెద్ద మట్టి ఒరలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి ఉన్నాయి. "గోదారి ఒడ్డున ఉట్టి నేల మీద రాయి పెడితే జారిపోద్దని, నూతిలాగా ఒరలు దింపి, లోపల ఇసుక కూరి, ఆ ఇసుక మీద కట్టారండి ఈ మండపం. తడి ఇసుక అటూ ఇటూ పోకుండా పట్టుకుంటే రాయికన్నా గట్టండి. నా జన్మలో ఇంతలేసి ఒరలు చూళ్ళేదు. ఏ మహానుభావుడు కాల్చాడో గానీ!"

ఒర అంచు మీద కుమ్మరి వేళ్ళ గుర్తులు అయిదూ అయిదుగా ఉన్నాయి. భాస్కరంగారు తన వేళ్ళు వాటిలో పెట్టి చూసుకున్నారు. ముప్ఫై నాలుగేళ్ళు దీని మీద కూర్చున్నాను, నా కింద ఇంత పని ఉందని నాకు తెలియలేదు కదా అనుకున్నారు. ఎనభై ఆరు వరదని ఆపింది రాయి కాదు, ఈ కుండలాంటి మట్టీ, దానిలో గుప్పెడు గుప్పెడుగా కూరిన ఇసుకా.

"రెండు ఒరలు పగిలిపోయాయండి" అన్నాడు సత్తియ్య. "పైన మట్టి అయిపోయాక, మెత్తగా ఉంది కదాని జనం లోపలి ఇసుక కూడా తోడేశారండి."

ఆ మాట అంటుండగానే ఒక నడివయసు ఆడమనిషి వాళ్ళిద్దరి మధ్యలోంచి వంగి, పగిలిన ఒరలో చెయ్యి పెట్టి, గుప్పెడు ఇసుక తీసుకుని, కళ్ళకద్దుకుని వెళ్ళిపోయింది. ఆమె మొహంలో ఎంత భక్తి ఉందో! ఆమెని తిట్టడానికి భాస్కరంగారికి నోరు రాలేదు. ఆమె తప్పేముంది? ఆయన మాటే ఆమె చేతిలోకి వచ్చింది. ఎనిమిది రోజులుగా ఆయన కంచుగొంతుతో ఈ మండపాన్ని తవ్వించింది ఆయనే.

కబురందుకుని రేవు పనులు చూసే ఇంజినీరు శ్రీసుధ వచ్చింది. ముప్ఫై దాటని పిల్ల, ఎనిమిది రోజులుగా నిద్ర లేక కళ్ళు ఎర్రబడిపోయి ఉంది. గొయ్యిలోకి దిగి, ప్రతి పీటరాయి కిందా చూసి, పైకొచ్చి ముందు మండపం చుట్టూ తాడు కట్టించింది. లోపల కూర్చున్న జనాన్ని ఖాళీ చేయించింది. సత్తియ్య నాలుగు తాటిమొద్దులు తెచ్చి పీటరాళ్ళ కింద ఊతంగా పెట్టాడు.

"గురువుగారండీ, దీన్ని నిలబెట్టాలంటే మూడు లారీల ఇసుక కావాలండి" అంది శ్రీసుధ. "వరదొస్తే గట్టుకి వెయ్యడానికని పోయించిన గుట్ట రేవుకి దిగే సందు మొదట్లోనే ఉంది. కానీ అక్కణ్ణుంచి ఇక్కడికి రెండొందల గజాలు జనం. లారీ కాదు కదా, సైకిల్ కూడా దిగదు."

"కూలీల చేత గమేళాలతో మోయించమ్మా."

"నాకున్నది ఇరవై మందండి. ఈ జనంలో పడి దిగి, అవతలి సందులోంచి చుట్టూ తిరిగి వెళ్ళాలంటే ఒక్కో గమేళాకి గంట. నాలుగు రోజులు పడుతుంది. తాటిమొద్దులు రేపు సాయంత్రం దాకా ఆగితే గొప్ప."

"అయితే జనాన్ని ఆపించు!"

"ఆపితే వెనక నుంచి తోపుడు వస్తుందండి. పిల్లలు, ముసలివాళ్ళు... నేనా పని చెయ్యలేను." ఆమె ఆయన మొహంలోకి చూడకుండా చెప్పింది. "రేపు సాయంత్రం అయిదింటికి మెట్లు కడగడానికి పోలీసులు రెండు గంటలు లైను ఆపుతారు. ఆ రెండు గంటల్లో స్తంభాలు దించేస్తామండి. లేకపోతే ఎవరి మీదో పడుతుంది. రాళ్ళు జాగ్రత్తగా పక్కన పెట్టిస్తాను. పుష్కరాలయ్యాక మళ్ళీ నిలబెడదాం."

"ఒకసారి దించిన రాయిని మళ్ళీ ఎత్తి నిలబెట్టిన మహానుభావుడు ఎవరైనా ఉంటే చూపించమ్మా, కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటాను" అన్నారు భాస్కరంగారు.

ఇంటికి వెళ్తే ఇల్లు ఇల్లులా లేదు. పుష్కరాల పేరుతో వచ్చిన చుట్టాలు ముప్ఫై ఒక్కమంది. వరండాలో పడుకున్నవాళ్ళని దాటుకుంటూ, పెరట్లో గాడిపొయ్యి దగ్గర ఉప్మా కలుపుతున్న భార్య సీతారామలక్ష్మి దగ్గరికి వెళ్ళి పీట మీద కూలబడ్డారు. జరిగిందంతా చెప్పారు. చివరికి, "నా నోరే దాన్ని తవ్వేసిందే" అన్నారు.

సీతారామలక్ష్మి గరిటె ఆపలేదు. "మీరు తియ్యమన్నారు, తీశారు. వెయ్యమంటే వెయ్యరూ?"

"ఏవిటే నీ మాటలు! మూడు లారీల ఇసుక!"

"లారీలెందుకండీ? రోజుకి లక్షమంది వస్తున్నారని రోజూ రాత్రి భోజనం దగ్గర నాకు చెప్పేది మీరే కదా. ఆ సందులోంచి దిగగలిగింది జనమే కదా. వాళ్ళ చేతులెలాగూ ఖాళీగానే వస్తాయి."

భాస్కరంగారు ఆమె వంక నోరు తెరుచుకుని చూశారు. తర్వాత ఉప్మా కూడా తినకుండా లేచి శ్రీసుధని వెతుక్కుంటూ పరిగెత్తారు.

శ్రీసుధ మొదట నమ్మలేదు. కాగితం మీద ఏదో లెక్క వేసుకుంది, కొట్టేసింది, మళ్ళీ వేసుకుంది. "గుప్పెడంటే ఎంతండి... సగం గుప్పెడైనా పదిహేను టన్నులు దాటుతుందండి!" అని తన కాగితాన్నే వింతగా చూసింది. "సరే. అయిదింటి దాకా చూద్దాం. అయిదు దాటితే మాత్రం నన్ను బతిమాలొద్దండి." సందు మొదటికి వైరు లాగించి, అక్కడ కూడా ఆయన గొంతు వినపడేలా ఒక మైకు గొట్టం కట్టించింది. సత్తియ్య గోతాల్లో ఇసుక నింపి, తలా ఒకటి వీపున వేసుకుని వచ్చిన నలుగురితో కలిసి, తెల్లారేసరికి గొయ్యి చుట్టూ అడ్డుకట్ట పేర్చాడు.

తొమ్మిదోరోజు పొద్దున్నే భాస్కరంగారు మైకందుకున్నారు. "సందు మొదట్లో ఇసుక గుట్ట ఉంది. తలో గుప్పెడు తెచ్చుకోండి. సగం గోదావరిలో వదలండి, సగం మండపం మొదట్లో గొయ్యిలో వెయ్యండి. స్నానం చేసి పైకొచ్చేటప్పుడు చెంబుడు నీళ్ళు దాని మీద పొయ్యండి."

కొందరు వేశారు. చాలామంది వెయ్యలేదు. దారిలో చెయ్యి నొప్పి పుట్టి సగం దులిపేసుకున్నారు కొందరు. నిన్నటిదాకా తీసినవాళ్ళు తమ వాళ్ళకి చెప్పి పంపినట్టున్నారు, ఇంకా గొయ్యి దగ్గరికొచ్చి అడ్డుకట్ట లోపలికి చెయ్యి పోనిచ్చేవాళ్ళే ఎక్కువ. పదింటికి చూస్తే గొయ్యి అడుగున జానెడు ఇసుక కూడా లేదు. అయిదింటి లోపల ఇది నిండడం కల్ల.

అప్పుడే మెట్ల మీద నుంచి ఒక పెద్దమనిషి చెయ్యెత్తాడు. పేరు బుల్లియ్య, తణుకు దగ్గర చెరకు రైతు. రెండోరోజు భార్యతో వచ్చి వెళ్ళాడు, ఇప్పుడు తల్లిని తీసుకొచ్చాడు.

"ఏవండోయ్ పంతులుగారూ! మొన్న మేమొచ్చినప్పుడు తియ్యమన్నారు, ఇయ్యాల వెయ్యమంటున్నారు. ఇందులో ఏది శాస్త్రం అండి? ఇసుక కాంట్రాక్టేమన్నా పట్టారేంటండి బాబూ?"

చుట్టూ నవ్వులు. భాస్కరంగారికి కోపం జివ్వున లేచింది. నోటి చివర ఒక శ్లోకం కాదు, వంద ఉన్నాయి. ఏ ఒక్కటి ఎత్తినా ఆ రైతు చెంపలేసుకుని పక్కకి తప్పుకుంటాడు. అర్థం అడిగేవాడు అక్కడ ఒక్కడు లేడు. తొమ్మిదోరోజున ఇది ప్రత్యేక విధి అంటే చాలు, నమ్ముతారు. మాట నాలుక మీదకి వచ్చేసింది కూడా. వచ్చాక ఆయన తల తిప్పి మండపం వైపు చూశారు. తాటిమొద్దు మీద బరువు మోపి పీటరాయి ఒక పక్కకి ఒరిగి ఉంది. మొదట అబద్ధం కాదు గానీ ఆలోచన లేని మాట ఒకటి అన్నందుకు ఇంత అయింది. ఇప్పుడు అబద్ధం కూడా ఆడాలా?

"శాస్త్రం కాదు నాయనా" అన్నారు మైకులో. "తప్పు చెప్పాను. నేనే తప్పు చెప్పాను. మట్టి ఎక్కడుందని అడిగితే, ఆలోచించకుండా ఈ మండపం మొదలు చూపించాను. మీరందరూ నా మాట నమ్మి తలో గుప్పెడు తీశారు. మీ తప్పు లేదు, మీరు తీసింది గుప్పెడే. నేనే లక్షసార్లు చెప్పాను. ఇప్పుడు దీని కింద నేల లేదు. సాయంత్రం అయిదింటికి దీన్ని విప్పేస్తారు. ఎనభై ఆరు వరదలో ఇది నా ప్రాణం కాపాడింది. దీనికి నేను చేసిన మేలు ఇదీ. పురోహితుణ్ణి, మీ చేత ఎన్నో చెప్పించినవాణ్ణి, ఇప్పుడు మిమ్మల్ని అడుక్కుంటున్నాను. తలో గుప్పెడు వెనక్కి ఇవ్వండి."

రేవులో ఉన్నవాళ్ళూ సందులో ఉన్నవాళ్ళూ గొట్టాల్లోంచి ఆ మాట విన్నారు. పంతులుగారు మైకులో తప్పొప్పుకోవడం వాళ్ళెవరూ ఎరగరు. బుల్లియ్య తల దించుకున్నాడు.

బుల్లియ్య తల్లి పేరు వీరవేణి. డెబ్భై అయిదేళ్ళుంటాయి. గుట్ట దగ్గర తీసుకున్న ఇసుక రెండు వందల గజాలూ పిడికిట్లోనే పట్టుకుని, చెమటతో అది ముద్దైపోయినా ఒక్క రేణువు జారనివ్వకుండా తెచ్చింది. కొడుకు చెయ్యి విడిపించుకుని నెమ్మదిగా గొయ్యి దగ్గరికొచ్చింది. పిడికిలి తెరిచి మొత్తం అందులో వేసేసి, అరచెయ్యి కూడా దులిపింది.

"అమ్మా, మొత్తం వేసేశారు. సగం గోదావరిలో వదలాలి" అన్నారు భాస్కరంగారు కంగారుగా. "మళ్ళీ అంత దూరం వెళ్ళలేరు కదా మీరు."

"గోదారికేం తక్కువయ్యా" అంది ముసలమ్మ. మైకు దగ్గరగా ఉండడంతో ఆవిడ మాట కూడా అన్ని గొట్టాల్లోనూ వినపడింది. "నా పుణ్యం ఆ భూతం తింటే తిననీ. ఎన్నాళ్ళ ఆకలో దానికి! ఈ రాళ్ళు పసిపిల్లల మీద పడకుండా ఉంటే నాకదే చాలు."

ఆవిడ కొంగు సర్దుకుని, ఖాళీ చేతులతో నీళ్ళలోకి దిగింది.

ఆ తర్వాత జరిగిందాన్ని భాస్కరంగారు ఎన్నేళ్ళు చెప్పినా, చెప్పిన ప్రతిసారీ మధ్యలో ఆగి కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చేది. ముందు ఆ జట్టు, వెంటనే తర్వాతి జట్టు. సగం కాదు, మొత్తం గుప్పెడు. కాసేపటికి గుప్పెళ్ళు పోయి దోసిళ్ళు వచ్చాయి. కొంగుల్లో తెచ్చారు, తువ్వాళ్ళలో తెచ్చారు, ఖాళీ టిఫిను గిన్నెల్లో తెచ్చారు. ఒక తండ్రి భుజం మీద కూర్చున్న చంటిపిల్ల ఊలుటోపీ నిండా ఇసుక ఉంది. అరవవాళ్ళ జట్టుకి తెలుగు తెలియదు, అయినా ముందువాళ్ళు చేసింది చూసి వాళ్ళూ చేశారు. గుడ్డివాడొకడు ఇసుక పట్టుకుని "ఎక్కడండీ, ఎక్కడండీ?" అంటే పదిమంది అతని చెయ్యి పట్టుకుని గొయ్యి మీదకి చాపించారు. బుల్లియ్య తల్లిని ఒడ్డున కూర్చోబెట్టి చుట్టూ సందు తిరిగి నాలుగుసార్లు వచ్చాడు, నాలుగుసార్లూ తువ్వాలు మూటతోనే. స్నానం చేసి పైకొచ్చేవాళ్ళు చెంబులతో నీళ్ళు పోశారు, చెంబు లేనివాళ్ళు తడిబట్టలు ఇసుక మీదే పిండారు. సత్తియ్య గొయ్యిలో మోకాళ్ళదాకా దిగి, పగిలిన ఒరల చుట్టూ కాళ్ళతో తొక్కుతూ, "ఆయ్, ఇటండి! ఈ మూల తగ్గిందండి! ఆయ్, చాల్చాలు, ఇప్పుడు నీళ్ళండి!" అని అరుస్తూనే ఉన్నాడు.

పదహారేళ్ళ వయసు నుంచీ భాస్కరంగారు మంత్రాలు చెబుతున్నారు. పూజలో దేవుణ్ణి రమ్మని వేలసార్లు పిలిచారు. వచ్చాడని ఎప్పుడూ ఒళ్ళు గగుర్పొడిచింది లేదు. ఆ మధ్యాహ్నం చేతులు, చేతులు, ముడతలు పడ్డవీ గాజులున్నవీ వేళ్ళు తెగినవీ కాయలు కాసినవీ, వంగి వేసి లేచిపోయే ఆ చేతుల్ని చూస్తుంటే ఆయనకి రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఎవరూ ఆగి పేరు చెప్పలేదు. ఎవరూ వెనక్కి తిరిగి తమ గుప్పెడు ఎక్కడ పడిందో చూసుకోలేదు. ఆయన సంకల్పం చెప్పడం కూడా మర్చిపోయారు, ఎవరూ అడగలేదు.

అయిదింటికి పోలీసులు తాడు అడ్డం పెట్టి లైను ఆపారు. శ్రీసుధ ఇరవై మంది కూలీలతో, గునపాలతో, మోకులతో దిగింది. గొయ్యి ఉండాల్సిన చోట నిలబడి కింద చూసింది. తడి ఇసుక పీటరాళ్ళ అంచులదాకా నిండి, తొక్కి తొక్కి గట్టు కట్టి ఉంది. ఆమె ఒక కూలీ చేతిలోంచి గునపం తీసుకుని రెండు చేతులతో ఎత్తి ఇసుకలో పొడిచింది. గునపం నాలుగు వేళ్ళు దిగి ఆగిపోయింది. ఇంకో చోట పొడిచింది. అక్కడా అంతే.

"మొద్దులు తీస్తావా సత్తియ్యా?" అంది.

సత్తియ్య మొదటి మొద్దుని సుత్తితో పక్కకి కొట్టాడు. రాయి కిర్రుమంది. తాడు వెనకాల ఆగిన జనం "గోవిందా" అనబోయి నోళ్ళు మూసుకున్నారు. భాస్కరంగారు కళ్ళు మూసుకున్నారు. రెండో మొద్దు వచ్చింది, మూడోది వచ్చింది. నాలుగో మొద్దు ఊడి మెట్ల మీద దొర్లిన చప్పుడు విని ఆయన కళ్ళు తెరిచారు. ఆడమనిషి పడవ ఉన్న స్తంభం ఉన్నచోటే నిలబడి ఉంది. పదహారు పడవలూ ఉన్నాయి. శ్రీసుధ స్తంభం మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే ఉంచింది, నాడి చూస్తున్నట్టు.

"మెట్లు కడగండి" అంది కూలీలతో చివరికి. "గునపాలు అక్కర్లేదు."

భాస్కరంగారు గట్టు వైపు తిరిగారు. రెండు వందల గజాల సందూ, దాని వెనక రోడ్డూ, ఆ వెనక కనపడనంత దూరం జనం. అందరి చేతుల్లోనూ ఇసుక ఉంది. గొయ్యి నిండిపోయిందని వాళ్ళకింకా తెలియదు. లైను కదిలితే వేద్దామని పిడికిళ్ళు బిగించి నిలబడి ఉన్నారు. వాళ్ళని చూస్తూ చూస్తూ ఆయన, గోదావరికి వీపు పెట్టి, ఆ తడిమెట్ల మీద సాగిలపడిపోయారు. రెండు చేతులూ తల ముందుకి చాపి, నుదురు నేలకి ఆనించి, జనానికి సాష్టాంగ నమస్కారం చేశారు.

"అయ్యయ్యో! పంతులుగారు మనకి మొక్కుతున్నారేంటి!" తాడు దగ్గరున్న ఆడవాళ్ళు గగ్గోలు పెట్టారు. కొందరు మహాపాపమని అక్కడికక్కడే తిరిగి ఆయనకి మొక్కబోయారు, వంగడానికి చోటు లేక నిలబడే దండాలు పెట్టారు. సత్తియ్య పరిగెత్తుకొచ్చి ఆయన పక్కన గొంతుక్కూర్చున్నాడు. ముట్టుకుని లేపాలో వద్దో తెలియక చేతులు నలుపుకున్నాడు. "లెగండయ్యగోరూ, జనం చూస్తన్నారండి."

"చూడనీ" అన్నారు భాస్కరంగారు, నుదురు ఎత్తకుండానే.